నీరో నిజంగా ఫిడేలు వాయించాడా? తమ్ముడి రోమ్ ప్రాజెక్టుకి మీరూ ఓ చెయ్యి వేయండి!

‘‘జనం అల్లాడుతుంటే ఆయన నీరో చక్రవర్తిలా ఫిడేలు వాయిస్తున్నారు!’’

ఈ మాట ఏ నాయకుడు ఏ నాయకుణ్ని అన్నాడో చెప్పడం కష్టం. ఎందుకంటే అధికారంలో ఎవరున్నా, ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అనే మాటే ఇది. రోమ్ ఎక్కడుందో తెలియనివాళ్లకి కూడా నీరో, అతని ఫిడేలు తెలుసు.

చిక్కేంటంటే, ఫిడేలు పుట్టింది 16వ శతాబ్దపు ఇటలీలో. రోమ్ తగలబడింది క్రీ.శ. 64లో. మధ్యలో తేడా 1,400 ఏళ్లకు పైమాటే! మరి నీరో వాయించింది దేన్ని? అసలు వాయించాడా? ఆ సంగతి మనకెవరు చెప్పారు?

ఈ మూడో ప్రశ్నే ముఖ్యం. ఇంట్లో ఆరో తరగతో, ఏడో తరగతో చదివే తమ్ముడో, చెల్లో, అక్క కొడుకో ఉంటే ఏదో ఒకరోజు ‘‘ప్రాచీన రోమన్ల మీద ప్రాజెక్టు ఇచ్చారు, కాస్త ఫోన్‌లో చూసిపెట్టవా’’ అని మీ దగ్గరికి వస్తారు. అమెరికాలో మన కజిన్ల పిల్లలకైతే ఇది మరీ మామూలు. కాలిఫోర్నియాలాంటి చోట ఆరో తరగతి సోషల్ పాఠాల్లోనే ప్రాచీన నాగరికతలతో పాటు రోమ్ ఉంటుంది. మన దగ్గర ఎన్‌సీఈఆర్టీ పుస్తకాల్లో 11వ తరగతి చరిత్రలో రోమన్ సామ్రాజ్యం మీద ఏకంగా ఓ అధ్యాయమే ఉంది.

అప్పుడు మీరు గూగుల్‌లో పైన కనిపించిన నాలుగు పేరాలు కాపీ చేసిచ్చేస్తే పని అయిపోతుంది. మార్కులూ రావచ్చు. కానీ ‘ఫోన్‌లో ఉంది కాబట్టి నిజం’ అనే పాఠం కూడా ఆ పిల్లాడికి ఉచితంగా నేర్పినట్టే. రేపు వాట్సాప్‌లో వచ్చిన ప్రతిదాన్నీ నమ్మి పదిమందికి పంపేది కూడా వాడే కదా! అందుకే సమాధానం వెతికివ్వకండి. వెతకడం ఎలాగో పక్కన కూర్చుని చూపించండి. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

ముందు టాపిక్‌ని కత్తిరించండి

‘రోమన్లు’ అని సెర్చ్ చేస్తే ఏమొస్తుంది? వెయ్యేళ్ల చరిత్ర, మూడు ఖండాల సామ్రాజ్యం, పదుల సంఖ్యలో చక్రవర్తులు. పన్నెండేళ్ల పిల్లకి తల తిరిగిపోతుంది.

అందుకే ఫోన్ ముట్టుకోకముందే ఒక పని చేయండి. ‘‘నీకు రోమ్ గురించి ఏం తెలుసుకోవాలనుంది?’’ అని అడగండి. యుద్ధాలంటే ఇష్టమా? అయితే ‘సరిహద్దులో కాపలా కాసే రోమన్ సైనికుడు చలికాలం ఎలా గడిపేవాడు?’ తిండి గురించా? ‘పాంపే వీధిలో మధ్యాహ్నం ఆకలేస్తే ఎక్కడ తినేవాళ్లు?’ అగ్నిప్రమాదాల గురించా? ‘క్రీ.శ. 64లో రోమ్‌ని తగలబెట్టింది నీరోనేనా?’

తేడా చూశారా? మొదటిది టాపిక్. తర్వాతవి ప్రశ్నలు. టాపిక్‌కి సమాచారం దొరుకుతుంది. ప్రశ్నకి ఆధారం దొరుకుతుంది.

నీరో కేసు విప్పుదాం రండి

పిల్లలకి డిటెక్టివ్ కథలంటే ఇష్టం కదా, ఈ ప్రశ్ననే కేసులా ఇవ్వండి. సాక్షి ఎవరైనా సరే, మూడు ప్రశ్నలు వేయాలి. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? వాళ్లు చూశారా, విన్నారా?

మొదటి సాక్షి టాసిటస్. రోమన్ చరిత్రకారుల్లో పెద్ద పేరు. నిప్పంటుకున్నప్పుడు ఇతను ఎనిమిదేళ్ల పిల్లాడై ఉంటాడని అంచనా. రాసింది దాదాపు 50 ఏళ్ల తర్వాత. ఏమంటాడంటే, మంటలు మొదలైనప్పుడు నీరో రోమ్‌లోనే లేడు. సుమారు 50 కిలోమీటర్ల దూరంలో సముద్రతీరాన ఆంటియంలో ఉన్నాడు. తిరిగొచ్చి ఇళ్లు పోయినవాళ్ల కోసం తన తోటలు తెరిపించాడు, ధాన్యం ధర తగ్గించాడు. ఊళ్లోని 14 విభాగాల్లో నాలుగే క్షేమంగా మిగిలాయట. మంటలు చూస్తూ నీరో ట్రాయ్ నగర వినాశనం మీద పాట పాడాడన్నది పాకిపోయిన పుకారు అని టాసిటస్ రాశాడు. ఇది ప్రమాదమా, చక్రవర్తి కుట్రా అన్నది తేలలేదనీ, రెండు రకాలుగానూ రాసినవాళ్లున్నారనీ చెప్పాడు.

రెండో సాక్షి సూటోనియస్. చక్రవర్తుల జీవితకథలు రాసినవాడు. రాజభవనం ముచ్చట్లంటే ఇతనికి చెవి కోసుకునేంత ఇష్టం. నీరో ఒక బురుజెక్కి, నాటకం వేషం కట్టి, మంటల అందాన్ని మెచ్చుకుంటూ పాడాడని ఘంటాపథంగా చెబుతాడు. మరి ఈయన చూశాడా? మంటలు ఆరిన కొన్నేళ్లకి గానీ అసలు పుట్టనే లేదు!

మూడో సాక్షి కాసియస్ డియో. ఇతనూ నీరో పాడాడనే అంటాడు. రాసింది మాత్రం వందేళ్లు దాటాక.

ఇప్పుడు పిల్లాణ్ని అడగండి... ముగ్గురిలో ఎవరి మాటకి ఎంత బరువు ఇస్తావ్? మొదటివాడు ‘పుకారు’ అన్నది, తర్వాతివాళ్ల దగ్గరికొచ్చేసరికి ‘నిజం’ అయిపోయింది. గోరంత కొండంత కావడమంటే ఇదే! ముగ్గురిలో ఒక్కరూ ఫిడేలు మాట ఎత్తలేదు. నీరో నేర్చుకున్న వాద్యం కితారా, అంటే వీణ జాతికి చెందిన తీగల వాద్యం. ఫిడేలు తర్వాతి కాలం వాళ్లు అతని చేతిలో పెట్టింది.

ఈ ముగ్గురూ రాసినవి ఆ కాలానికి దగ్గరి ఆధారాలు. వాటిని చదివి ఇవాళ్టి చరిత్రకారులు రాసేవి రెండో వరుస ఆధారాలు. స్కూల్లో టీచర్లు ప్రాథమిక, ద్వితీయ ఆధారాలు అని చెప్పేది వీటినే. ప్రాజెక్టులో రెండూ ఉండాలి. రెండో వరుస లేకపోతే అర్థం కాదు, మొదటి వరుస లేకపోతే నమ్మకం కుదరదు.

గొప్పోళ్లే కాదు, సాక్స్ పంపినోళ్లూ ఉన్నారు

పుస్తకాలు రాసినవాళ్లంతా దాదాపుగా డబ్బున్న మగవాళ్లే. మరి మామూలు మనుషుల సంగతి? దానికీ ఆధారాలున్నాయి. పిల్లలకి బాగా నచ్చేవి కూడా ఇవే.

ఇంగ్లండ్ ఉత్తరాన విండోలాండా అనే రోమన్ సైనిక స్థావరం ఉంది. 1973 నుంచి అక్కడి తడి మట్టిలో పోస్ట్‌కార్డంత పల్చటి చెక్క ముక్కలు బయటపడుతూ వచ్చాయి. వాటి మీద సిరాతో రాసిన ఉత్తరాలు! ఒకదాంట్లో ఎవరో ఎవరికో పంపిన సాక్స్, చెప్పులు, లోదుస్తుల లెక్క ఉంది. అంత చలిలో మరి ఏం పంపుతారు! ఇంకోదాంట్లో క్లాడియా సెవెరా అనే ఆవిడ తన స్నేహితురాలు లెపిడీనాని సెప్టెంబర్ 11న పుట్టినరోజుకి రమ్మని పిలుస్తోంది. ఉత్తరం చాలా వరకు రాయసగాడితో రాయించి, చివర్లో నాలుగు ముక్కలు తన చేత్తో రాసింది. క్రీ.శ. 100 ప్రాంతం నాటిది. ఒక స్త్రీ లాటిన్‌లో స్వయంగా రాయగా మనకి దొరికిన తొలి చేతిరాతల్లో ఇదొకటి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, ఫొటో ఆన్‌లైన్‌లో ఉచితం.

పాంపే గోడలైతే మన ఎన్నికల సీజన్‌లా ఉంటాయి. ‘ఫలానా అభ్యర్థిని గెలిపించండి’ అంటూ గోడల నిండా రాతలే! ఒక అభ్యర్థికైతే రాత్రి పొద్దుపోయేదాకా తాగేవాళ్లంతా మద్దతిస్తున్నట్టు రాసి పెట్టారు. ఎదుటి వర్గం వాళ్ల వెటకారమో, స్నేహితుల సరదానో! ‘ఇది నిజంగా మద్దతేనా, ఎగతాళా?’ అని చెల్లిని అడిగి చూడండి. గోడ మీద ఉన్నంత మాత్రాన అక్షరాలా నమ్మకూడదని తనే చెప్పేస్తుంది.

ఆధారాలు గొడవపడితే పండగే!

‘‘ఒక సైట్‌లో ఆగస్టు అనుంది, ఇంకోదాంట్లో అక్టోబర్ అనుంది. ఏది రాయను?’’ పాంపే మీద ప్రాజెక్టు చేస్తే ఈ ప్రశ్న ఖాయం.

వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపేని బూడిదలో ముంచింది క్రీ.శ. 79లో. దాన్ని కళ్లారా చూసి రాసినవాడు చిన్న ప్లినీ. అప్పుడతనికి 17 ఏళ్లు. అతని మేనమామ పెద్ద ప్లినీ నౌకాదళాధికారి. జనాన్ని కాపాడదామని ఓడల్లో వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ సంగతులన్నీ పాతికేళ్లు దాటాక చిన్న ప్లినీ ఉత్తరాల్లో రాశాడు. ఎవరికో తెలుసా? మన మొదటి సాక్షి టాసిటస్‌కే!

ఆ ఉత్తరంలో తేదీ ఆగస్టు 24 అని ఉంది. కానీ మన చేతికొచ్చింది ప్లినీ రాసిన అసలు కాగితం కాదు. శతాబ్దాల పాటు చేత్తో నకళ్లు తీస్తూ వచ్చిన ప్రతులు. నకలు తీసేటప్పుడు తేదీ తారుమారు కావచ్చు. దానిమ్మల్లాంటి శరత్కాలపు పండ్ల ఆనవాళ్లు పాంపేలో దొరకడంతో కొందరికి ముందే అనుమానం ఉండేది. 2018లో అక్కడ ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిన రాత బయటపడింది. అందులోని తేదీ మన లెక్కలో అక్టోబర్ 17. సంవత్సరం లేదు. అయితే బొగ్గు రాత ఎక్కువకాలం నిలవదు కాబట్టి ఆ ఏడాదిదే అయ్యుంటుందని, అంటే అక్టోబర్ 17 నాటికి ఊరింకా బతికే ఉందని పరిశోధకుల వాదన. ఆగస్టే సరైందనే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మరి ప్రాజెక్టులో ఏం రాయాలి? రెండూ రాయాలి. ‘ప్లినీ ఉత్తరం ప్రతుల్లో ఆగస్టు అని ఉంది. 2018లో దొరికిన గోడరాతని బట్టి అక్టోబర్ అని చాలామంది అనుకుంటున్నారు’ అంతే! ఈ రెండు వాక్యాలు రాసిన పిల్ల, పది పేజీలు కాపీ కొట్టిన పిల్లాడికంటే ఎక్కువ చరిత్ర చదివినట్టు.

సినిమా చూసి చరిత్ర రాస్తే...

గ్లాడియేటర్ ఓడిపోతే జనం బొటనవేలు కిందికి చూపిస్తారు, అంటే చంపెయ్యమని. ఈ దృశ్యం అందరికీ కంఠతా. దీనికి మూలం చాలావరకు 1872లో ఫ్రెంచ్ చిత్రకారుడు జెరోమ్ గీసిన ఒక పెయింటింగ్. 2000లో వచ్చిన ‘గ్లాడియేటర్’ సినిమాకీ అదే ప్రేరణ. బొటనవేలు ‘తిప్పడం’ గురించి రోమన్ల రాతల్లో ఉంది. కానీ పైకా, కిందికా, పక్కకా అన్నది స్పష్టంగా లేదు.

పాలరాతి విగ్రహాలు కూడా ఇంతే. రోమ్ అంటే అంతా తెల్లటి తెలుపు అనుకుంటాం. నిజానికి వాటిలో చాలా విగ్రహాలకి రంగులు వేసేవాళ్లు. వాటికన్ మ్యూజియంలోని ప్రఖ్యాత అగస్టస్ విగ్రహం మీద ఆ రంగుల ఆనవాళ్లు ఉన్నాయి కూడా. మన గుడి గోపురాల బొమ్మల్ని తలచుకుంటే రోమ్ వీధి ఎలా ఉండేదో కాస్త ఊహకందుతుంది.

అందుకని ప్రాజెక్టులో ఏ బొమ్మ అతికించాలన్నా ముందు ఫోన్‌లో గూగుల్ లెన్స్‌తో ఓసారి చూడమనండి. రెండు వేల ఏళ్ల నాటి చిత్రమా, 150 ఏళ్ల నాటి పెయింటింగా, నిన్న ఏఐ తయారు చేసిందా... ఆ ఆరా తీయడానికి ఇది మంచి మొదటి మెట్టు. బొమ్మ కింద ఆ వివరం రాస్తే టీచర్ ముచ్చటపడతారు.

ఫోన్‌లో ఎక్కడ వెతకాలి?

మొదట పరిచయం కోసం: బ్రిటానికా, వరల్డ్ హిస్టరీ ఎన్‌సైక్లోపీడియా. వికీపీడియా చూడొద్దా? చూడండి, కానీ దాన్ని గుమ్మంలా వాడుకోండి. వ్యాసం అడుగున ఉన్న పుస్తకాలు, లింకుల దగ్గరికి వెళ్తే అసలు ఇంట్లోకి అడుగుపెట్టినట్టు.

పాత రాతల కోసం: అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్ల పెర్సియస్ డిజిటల్ లైబ్రరీ. టాసిటస్ లాంటివాళ్ల లాటిన్ మూలం, ఇంగ్లిష్ అనువాదం రెండూ ఉంటాయి. లాకస్ కర్టియస్ అనే సైట్‌లో సూటోనియస్, కాసియస్ డియోల ఇంగ్లిష్ అనువాదాలు ఉన్నాయి. ఈ అనువాదాలు పాతకాలపు ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి పిల్లలకి కష్టమే. ఇక్కడే మీ అవసరం. ఒక్క పేరా మీరు చదివి తెలుగులో చెప్పండి, వాళ్లు తమ మాటల్లో రాసుకుంటారు.

వస్తువుల కోసం: బ్రిటిష్ మ్యూజియం, న్యూయార్క్‌లోని మెట్ మ్యూజియంల ఆన్‌లైన్ సేకరణలు. ఫొటోతో పాటు ఎక్కడ దొరికింది, ఏ కాలం నాటిది అన్నవి కూడా ఇస్తారు. ఉత్తరాలకి, శాసనాలకి ‘రోమన్ ఇన్‌స్క్రిప్షన్స్ ఆఫ్ బ్రిటన్’. నాణేలకి అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ల ‘ఆన్‌లైన్ కాయిన్స్ ఆఫ్ ద రోమన్ ఎంపైర్’.

ప్రయాణాల కోసం: స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల ఆర్బిస్. రోమ్ నుంచి లండన్‌కి జూలైలో వెళ్తే ఎన్ని రోజులు, జనవరిలో అయితే ఎన్ని, ఖర్చెంత అని లెక్కగట్టి చూపిస్తుంది. రోమన్ల కాలపు గూగుల్ మ్యాప్స్ అనుకోండి! ఒక్కసారి తెరిస్తే పిల్లలు వదలరు.

ఇంకో చిట్కా. సెర్చ్‌లో మీ పదాల పక్కన ‘సైట్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా డాట్ ఈడీయూ అని కలపండి. ఎక్కువగా అమెరికా యూనివర్సిటీల పేజీలే వస్తాయి. ప్రకటనల గోల తగ్గుతుంది.

పుస్తకాలు కావాలంటే, కట్టడాలంటే ఇష్టపడే పిల్లలకి డేవిడ్ మెకాలే బొమ్మలతో చేసిన ‘సిటీ’. 1974లో వచ్చింది. ఒక రోమన్ పట్టణం పునాది నుంచి ఎలా లేస్తుందో చూపిస్తుంది. మీకోసమైతే మేరీ బియర్డ్ రాసిన ‘ఎస్‌పీక్యూఆర్’. అమెరికాలో ఉన్న పిల్లలైతే ఊళ్లోని పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి లైబ్రేరియన్‌ని అడగమనండి. అలా అడిగేవాళ్లకి సాయం చేయడమే వాళ్ల ఉద్యోగం.

ఏఐని అడిగితే పోలా?

అడగొచ్చు. అర్థంకాని పేరాని సులువుగా చెప్పమనొచ్చు. ఏ పదాలతో వెతకాలో అడగొచ్చు. కానీ ‘ఆధారాలు ఇవ్వు’ అంటే మాత్రం జాగ్రత్త. లేని పుస్తకానికి పేరు, రచయిత, పేజీ నంబర్‌తో సహా అల్లి ఇచ్చేయగలదు. అదీ ఎంతో నమ్మకంగా! దానికి విరుగుడు సులువే. అది చెప్పిన పుస్తకం పేరుని గూగుల్ బుక్స్‌లోనో, వరల్డ్‌క్యాట్‌లోనో కొట్టండి. ఎక్కడా జాడ లేకపోతే దాన్ని వదిలేయండి. చాట్‌బాట్‌ కూడా సాక్షే అనుకుంటే, ‘చూశావా, విన్నావా?’ అన్న మన మూడో ప్రశ్నకి దాని దగ్గర ‘విన్నాను’ అన్న జవాబే ఉంటుంది.

రోమ్ మనకంత దూరమేం కాదు

ప్రాజెక్టుకి ఒక ప్రత్యేకత కావాలంటే ఇదిగో. నల్గొండ ప్రాంతంలోని అక్కన్‌పల్లిలో వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. వినుకొండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. నాగార్జునకొండలోనూ దొరికాయి. అక్కడి ఇక్ష్వాకుల కాలపు శాసనంలో ‘దీనారి మాషకాలు’ అన్న మాట ఉంది. రోమన్ల ‘డెనారియస్’ మన దగ్గరికొచ్చి దీనారం అయ్యిందన్నమాట!

క్రీ.శ. ఒకటో శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన ‘పెరిప్లస్’ అనే నావికుల దారి పుస్తకం తూర్పు తీరంలో ‘మసాలియా’ అనే ప్రాంతం గురించి చెబుతుంది. అక్కడ నూలు బట్టలు విరివిగా తయారవుతాయంటుంది. అది మన మచిలీపట్నం ప్రాంతమేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మరోవైపు రోమ్‌లో పెద్ద ప్లినీ, భారతదేశం ఏటా తమ దగ్గర్నుంచి 5 కోట్ల సెస్టర్స్‌ల సొమ్ము లాగేసుకుంటోందని వాపోయాడు. అక్కడ పోయిందని అతను ఏడ్చిన సొమ్ములో కొంత ఇక్కడ మన మట్టిలో తేలింది!

ఒకరిది ఫిర్యాదు, ఒకరిది దారి పుస్తకం, ఇంకోటి మట్టిలో దొరికిన నాణెం. ఒకరితో ఒకరికి సంబంధం లేని మూడు ఆధారాలు ఒకే మాట చెబుతున్నాయి. సముద్రం దాటి వ్యాపారం జోరుగా సాగిందని. ఇలా కలిసొచ్చినప్పుడు ‘ఇది గట్టి నిజం’ అని ధైర్యంగా రాయొచ్చని పిల్లలకి చెప్పండి.

పెన్ను మాత్రం వాళ్ల చేతిలోనే

చివరగా, ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీయించండి. మొదటిదాంట్లో ‘ఏం తెలిసింది’, రెండోదాంట్లో ‘ఎవరు చెప్పారు, ఎప్పుడు’, మూడోదాంట్లో ‘ఎంతవరకు నమ్ముతాను, ఎందుకు’. ప్రతి విషయానికీ మూడు గడులూ నిండాలి. రెండో గడి ఖాళీగా ఉంటే ఆ విషయం ప్రాజెక్టులోకి వెళ్లదు. ఇదొక్కటే రూలు.

మీరు టైప్ చేసి ఇవ్వకండి. వాక్యం కాస్త వంకరగా వచ్చినా వాళ్లనే రాయనివ్వండి. మొదట్లో విసుక్కుంటారు. ‘‘నువ్వే చెప్పేయొచ్చు కదా’’ అంటారు. ఓ గంట ఓపిక పట్టండి. తర్వాత ఏదో ఒక రోజు మీరు ఫ్యామిలీ గ్రూప్‌లో ఏదైనా ఫార్వర్డ్ చేస్తే, కింద వాళ్ల దగ్గర్నుంచే మెసేజ్ వస్తుంది... ‘‘అన్నా, ఇది ఎవరు చెప్పారు? చూశారా, విన్నారా?’’

అప్పుడు కోపం తెచ్చుకోకండి. వెళ్లి రెండో గడి నింపండి.